రాయి మీద లేని ఊరు

మార్చి 21, ఆదివారం, ఉదయం ఆరూ పదికి చుంగ్ ఫూక్-సెన్ సమాధి రాయి కోల్‌కతా చైనాటౌన్ ట్యాంగ్రాలోని ఆయన ఇంటి ముందు టెంపోలోంచి దిగింది. రాయి మీద ఆయన ఊరి పేరు లేదు.

ఆయన పోయి నాలుగు నెలలైంది. సమాధులు కడిగి పెద్దలకు అన్నం పెట్టే చింగ్ మింగ్ పండుగ రెండు వారాల్లో ఉంది. ఆలోగా రాయి నిలబెట్టాలి. చెక్కించింది కొడుకు ఆల్బర్ట్. అతనికి యాభై రెండేళ్ళు. పెరట్లో సోయా సాస్, మిరపకాయ సాస్ చేసి కోల్‌కతా హోటళ్ళకు వేస్తాడు. ఇంట్లో అతని పేరు ఖిన్-వా. బయట ఆ పేరు ఎవరికీ తెలియదు.

టెంపో డ్రైవరు నిమాయ్ చేతులు దులుపుకుంటూ రాయి వంక చూశాడు.

"ఏం రాసుంది దాదా దీని మీద?"

"నాన్న పేరు, అమ్మ పేరు, మా పేర్లు. ఇంకేం లేదు."

ఆల్బర్ట్ చదివి చెప్పలేదు. అతను మిషన్ స్కూల్లో చదివాడు. చైనా అక్షరాలు రావు. ఏ వరసలో ఏముందో చైనావాళ్ళ సంఘం ఆఫీసులో కాగితం రాసిచ్చిన గుమాస్తా చెప్తే గుర్తు పెట్టుకున్నాడు.

రాయితోపాటు వచ్చిన మొక్తార్ షేక్‌కు కూడా ఆ అక్షరాలు చదవడం రాదు. కానీ ముప్పై ఏళ్ళుగా ట్యాంగ్రా చైనావాళ్ళ సమాధులకు రాళ్ళు చెక్కుతున్నది అతనే. ఆల్బర్ట్‌ను పక్కకు పిలిచాడు.

"దాదా, పైన ఊరు లేదేం? మీరిచ్చిన కాగితానికి పైభాగంలో కత్తెర పడ్డట్టుంది. పొరపాటేమోనని అక్కడ జాగా వదిలాను."

"పొరపాటు కాదు. అలాగే ఉండనీ."

"మీ రాళ్ళన్నిటికీ పైన చైనాలో పెద్దల ఊరు ఉంటుంది. అది లేకుండా నేనెప్పుడూ చెక్కలేదు."

"ఇప్పుడు చెక్కావుగా. డబ్బులు తీసుకుని వెళ్ళు."

మొక్తార్ వెళ్ళలేదు. వరండా మెట్టు మీద కూర్చుని బీడీ తీశాడు. ముట్టించలేదు.

ఆల్బర్ట్ భార్య ఆగ్నెస్ చర్చికి వెళ్ళింది. ఇంట్లో తల్లి యాప్ మూయ్-హ్యాంగ్, కూతురు ఐవీ ఉన్నారు. తల్లికి డెబ్బై తొమ్మిది. ఆమె గంజి గిన్నె పక్కన పెట్టి, కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. రాయి ముందు ముక్కాలిపీట వేయించుకుని కూర్చుంది. చూపుడు వేలుతో మధ్య వరస కింది నుంచి పైకి తడిమింది. భర్త పేరు. పక్కన ఆమె పేరు, ఎర్ర రంగులో. బతికున్నవాళ్ళ పేర్లు ఎరుపులో రాస్తారు. ఎడమ పక్క చివరన కొడుకు, మనవరాలు, వాళ్ళూ ఎరుపే. వేలు పై అంచు దాకా వెళ్ళి ఆగింది.

"ఊరేది?"

"ఎండ వస్తోందమ్మా, లోపలికి పద."

"ఊరేదిరా?"

"రాయించలేదు."

"మర్చిపోయావా?"

ఆల్బర్ట్ మొక్తార్ వంక చూశాడు. మెట్టు మీద నుంచి మొక్తార్ నేల చూపులు చూస్తున్నాడు. తల్లి ఇద్దరినీ చూసింది.

"మర్చిపోలేదన్నమాట."

పళ్ళు తోముకుంటూ ఐవీ గుమ్మంలోకి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, బ్యాంకులో ఉద్యోగం. "ఏమైంది నానమ్మా?"

"మీ తాతకు ఊరు తీసేశాడు మీ నాన్న."

"తీసేయడమేంటి అమ్మా," అన్నాడు ఆల్బర్ట్. "నిరుడు జూన్‌లో ఏమైందో నువ్వూ చూశావు. చైనా సరిహద్దులో సైనికులు చనిపోతే మన వీధిలోకి వచ్చి ఎంత గొడవ చేశారు. సీసాల మీద చైనా అక్షరాలున్న చీటీలు మార్చుకున్నాం. రేపు మళ్ళీ ఏదైనా అయితే? పైన అంతంత అక్షరాలతో చైనా ఊరి పేరు కనిపిస్తే రాయి పగలగొట్టరా?"

ఐవీ నోట్లో నురగ ఉమ్మేసి వచ్చింది. "అక్కడ నాలుగు వందల రాళ్ళున్నాయి నాన్నా. అన్నీ పగలగొట్టి మనదొక్కటి వదిలేస్తారా, రెండక్షరాలు తక్కువున్నాయని?"

"నువ్వు ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? నా పేరు కూడా ఉందిగా దాని మీద."

"నేనిక్కడే పుట్టాను. నువ్వు ఇక్కడే పుట్టావు. మీ తాత కూడా ఈ దేశంలోనే పుట్టాడు. మనం ఇండియన్లం. మనకు ఇంకో ఊరెందుకు?"

"అయితే పైన నీ ఆధార్ నంబరు చెక్కించు. పన్నెండంకెలే, జాగా సరిపోతుంది."

మొక్తార్ వచ్చిన నవ్వును దగ్గు కింద మార్చుకున్నాడు. ముసలామె నవ్వలేదు.

"మనం ఇక్కడివాళ్ళం కాదని నేనన్నానా? ఓడ ఎక్కమంటే ఎక్కని మనిషిరా మీ నాన్న. ఆయనకు నువ్వు దేశం నేర్పుతున్నావా?"

ఓడ సంగతి ఆల్బర్ట్‌కు కొంత తెలుసు. 1962 యుద్ధంలో అతని తల్లిదండ్రులను షిల్లాంగ్ నుంచి రైలెక్కించి రాజస్థాన్‌లోని క్యాంపులో ఉంచారు. తర్వాత చైనాకు వెళ్తామన్నవాళ్ళ కోసం మద్రాసు రేవుకు ఓడలు వచ్చాయి. తల్లిదండ్రులు వెళ్ళలేదు. ఇంట్లో అంతకుమించి ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఇంకో విషయం అడుగుతాను," అంది తల్లి. "నిరుడు టీవీవాళ్ళతో ఏం చెప్పావు?"

ఆల్బర్ట్ ముఖం మారింది. నిరుడు జూన్‌లో వీధి చివర 'మేం భారతీయులం' అని అట్టలు పట్టుకుని నిలబడ్డ యాభై మందిలో అతనూ ఉన్నాడు. మైకు పట్టుకున్న కుర్రవాడు మీ సొంతూరేదని అడిగాడు. ఆల్బర్ట్ చెప్పిన జవాబు ఆ సాయంత్రం వార్తల్లో వచ్చింది. మాకు ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు, మా నాన్న బతుకులో ఒక్కసారి కూడా ఆ పేరెత్తలేదు, అన్నాడు.

"నాన్నకు తెలీదుగా అది," అన్నాడు. గొంతు తగ్గింది.

"ఆయన చూశాడురా. అన్నం తింటూ చూశాడు."

ఐవీ తండ్రి వంక చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"ఏమన్నాడు?" అన్నాడు ఆల్బర్ట్.

"'వాడు నిజమే చెప్పాడు' అన్నాడు. చేయి కడుక్కుని లేచాడు."

పెరట్లో సాస్ తొట్టి దగ్గర నీళ్ళు పొంగిపోతున్నాయి. కుళాయి కట్టడానికి ఎవరూ కదల్లేదు.

తల్లి ఐవీని లోపలికి పంపి, దేవుడి అలమరలో అగరొత్తుల వెనక ఉన్న బిస్కెట్ డబ్బా తెప్పించింది. మూత ఆమే తీసింది. లోపల పలచటి కవర్లు ఉన్నాయి. నీలం, ఎరుపు అంచులు. స్టాంపులు చైనావి.

"పదిహేడున్నాయి. మీ తాత రాసినవి," అంది కొడుకుతో. "మీ నాన్నకు నాన్న."

"ఆయన క్యాంపులోనే పోయాడని చెప్పారు కదా."

"ఓడెక్కాడు. ఊరు చూడాలని ఆయన వెళ్ళాడు, ఇక్కడే ఉంటానని మీ నాన్న ఉన్నాడు. రైలు దగ్గర ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పది రోజులకు మమ్మల్ని విడిచిపెట్టే ముందు ఆఫీసరు పిలిచి, చైనాలో నీవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరని మీ నాన్న సంతకం పెట్టాడు."

"తండ్రి ఉండగానే?"

"ఉండగానే. తర్వాత ఏటా ఇక్కడ ఉండే పర్మిట్ మీద ముద్ర వేయించుకోవడానికి వెళ్తే అదే ప్రశ్న. ఏటా అదే జవాబు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఒక్క ఉత్తరానికి జవాబు రాసినా ఆ మాట అబద్ధమని తెలిసిపోతుంది. ఉత్తరం వచ్చినప్పుడల్లా చదివేవాడు, డబ్బాలో పెట్టేవాడు. పదిహేడోదాని తర్వాత రాలేదు. మొయ్‌యెన్ అనే మన ఊరి పేరు ఇంట్లో నన్ను కూడా అననిచ్చేవాడు కాదు. నువ్వు టీవీలో చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు."

ఆల్బర్ట్ మెట్టు మీద మొక్తార్ పక్కన కూర్చున్నాడు.

"నా మీద కోపం రాలేదా?"

"కోపమా? 'వాడికి భయమేసింది, నాకు వేసినట్టే' అన్నాడు. పోయే ముందు ఒక్కటే చెప్పాడు. బతికుండగా ఎత్తలేదు, రాయి మీద ఎలాగూ ఉంటుందిలే అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను? ఊరు లేని రాయి ఉంటుందని నాకు తెలుసా? అడిగి రాయించుకునేదా అది?"

ఆల్బర్ట్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ మధ్య నుంచి మాట వచ్చింది.

"గుమాస్తా రాశాడమ్మా. పైనే రాశాడు. నేనే కత్తెరతో కోశాను. ఆ ముక్క సాస్ పొయ్యిలో వేశాను. మొక్తార్ దగ్గరికి వెళ్ళే దారంతా ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళాను. ఎవరు చూస్తారనుకున్నానో నాకే తెలీదు."

తల్లి కర్ర ఆనించి లేచింది. అతని దగ్గరికి వచ్చి తల మీద చేయి వేసింది. "ఖిన్-వా," అంది. "కుళాయి కట్టిరా. నీళ్ళు పోతున్నాయి."

అతను వెళ్ళి కట్టి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పటికి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటున్నాడు. మొక్తార్ ముందు నిలబడ్డాడు.

"చెక్కుతావా?"

"అందుకేగా వెళ్ళలేదు. పదిలో ఎనిమిది రాళ్ళకు అదే ఊరు, నా చేతికి వచ్చు. కానీ కాగితం ఉంటే మంచిది దాదా. మీ ఇంటి చేత్తో రాసిస్తే."

తల్లి కలం పట్టింది. చేయి వణికి గీత పక్కకు పోయింది. రెండోసారీ అంతే. ఆల్బర్ట్ కలం అందుకున్నాడు, కాగితం మీద పెట్టాడు, తీసేశాడు. తనకు రాదు. యాభై రెండేళ్ళలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాడు. "నాకు రాదు."

అప్పటికి ఐవీ డబ్బాలో కవర్లు తిరగేస్తోంది. ఒకటి తీసి వెనకవైపు చూపించింది. పంపినవారి చిరునామా నల్ల సిరాలో, కుంచెతో రాసి ఉంది.

"నానమ్మా, ఇందులో ఊరు ఎక్కడుంది?"

ముసలామె కవరు కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. రెండు అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇదిగో. మీ ముత్తాత చేతిరాత."

ఐవీ ఫోనుతో ఫొటో తీసి వీధి చివర జిరాక్స్ షాపులో పెద్దది చేయించుకొచ్చింది. మొక్తార్ కార్బన్ పేపర్ వేసి రాయి మీదికి దించుకున్నాడు. పదకొండూ ఇరవైకి ఉలి పెట్టాడు. మధ్యలో ఆగ్నెస్ చర్చి నుంచి వచ్చి, జరిగింది విని, అందరికీ టీ పెట్టింది. రెండో అక్షరం అయ్యేసరికి మూడున్నర. ఆల్బర్ట్ అంతసేపూ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

ఏప్రిల్ 3, శనివారం, రాయిని సమాధుల దగ్గరికి తీసుకెళ్ళడానికి నిమాయ్ టెంపో మళ్ళీ వచ్చింది. తాళ్ళు బిగిస్తూ నిమాయ్ రాయి పైభాగం చూశాడు.

"ఇది కొత్తగా చెక్కారే. ఏంటది దాదా?"

"మొయ్‌యెన్," అన్నాడు ఆల్బర్ట్. "ఊరి పేరు."

"ఎవరిది?"

"మాది."

"మీది ట్యాంగ్రా కదా."

"ట్యాంగ్రా కూడా మాదే. తాడు గట్టిగా కట్టు."

మర్నాడు ఉదయం ఏడూ ఇరవైకి రాయి నిలబెట్టారు. ఆల్బర్ట్ కోడి, పంది మాంసం, టీ కప్పులు పెట్టాడు. అగరొత్తులు వెలిగించి మూడుసార్లు వంగాడు. తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. పన్నెండు రోజులుగా రాత్రిపూట తల్లి దగ్గర కూర్చుని నేర్చుకున్న రెండు అక్షరాలు దాని మీద ఉన్నాయి. మొదటిదానిలో ఒక గీత తప్పింది. తల్లి చూసి తల ఊపింది. కాగితాన్ని, పోయినవాళ్ళకు చేరాలని కాల్చే మిగతా కాగితాలతోపాటు తండ్రి ముందు కాల్చాడు.