చీటీ లేని ఎర్ర దారం

లూదియా నన్ను మొదటిసారి తిట్టింది వానలో. పాతికేళ్ళ కారు ఆగిపోతే అది మెకానిక్కు తప్పని ఆమె నమ్మకం.

అది 1978 ఆగస్టు. నంద్యాలలో కోయిలకుంట్ల రోడ్డు పక్కన మా షెడ్డు. పొద్దుటి నుంచి విడవకుండా వాన. ఒక ఎద్దులబండి వచ్చి ఆగింది. దాని వెనకాల తాడుతో కట్టిన మోరిస్ మైనర్ కారు, అందులో స్టీరింగు పట్టుకుని ఒక అమ్మాయి. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. కార్లో కూర్చున్న మనిషి అంతలా ఎట్లా తడిసిందా అని చూస్తే, కిటికీ అద్దం సగం దాకానే లేస్తుంది.

"యేసురత్నం అంటే నువ్వేనా?"

"నేనే. ఏందమ్మా?"

"పోయిన వారం మా నాయన ఈ కారు ఈడికి తెచ్చినాడు. వాటర్ పంపు బాగు చేసినా, ఏడాది దాకా చూడబల్లేదు అన్నావంట. శిరివెళ్ళ కాడ ఆగిపాయ."

"దేవుడి దయ ఉంటే ఏడాది అన్నా."

"దయ అయిపాయ. దిగి చూడు ఇంక."

దిగి చూశాను. పంపు లోపల అంతా అరిగిపోయింది. ఆ పార్టు మన దేశంలో దొరకడం మానేసి చాలా కాలమైంది. అప్పటికి మూడుసార్లు అతుకు వేశాను. నాలుగోసారి వేస్తుంటే ఆమె పక్కనే నిలబడి నా చేతి వంకే చూసింది. బోల్టు బిగించడం అంత కష్టంగా నాకెప్పుడూ అనిపించలేదు.

ఆమె వాళ్ళ నాయన సంజీవయ్య గారు ఆళ్లగడ్డ ఆసుపత్రిలో కంపౌండరు. మిషను డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ ఆ కారు ఆయనకిచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైతే అందులోనే నంద్యాలకు తెచ్చేవారు. ఆళ్లగడ్డలో ఇంకో కారు లేకపోలేదు గానీ, పిలవగానే వచ్చేది ఇదొక్కటే. ఆయన డ్యూటీలో ఉంటే కారు తోలేది లూదియా. పగలు మిషను బడిలో టీచరు.

తరువాతి ఏడాదిలో ఆ మోరిస్ మా షెడ్డుకి పదకొండుసార్లు వచ్చింది. ఆరుసార్లు పంపు. ఐదుసార్లు కాయిల్ వైరు ఊడిపోయి. అంత గట్టి వైరు ఎట్లా ఊడుతోందో తెలియక, ఆఖరికి ఒక ఇత్తడి క్లిప్పు నేనే తయారుచేసి బిగించాను.

"ఇంక పీకినా ఊడదు లూదియమ్మా. ఊరికూరికే ఇంత దూరం రాబల్లేదు నువ్వు."

ఆమె నా వంక అదోలా చూసింది. "ఎంత మంచోడివి మేస్త్రీ" అంది.

నేను పొగడ్త అనుకున్నాను.

షెడ్డుకి వచ్చే ఆడవాళ్ళందరూ నన్ను అన్నా అని పిలిచేవాళ్ళు. ఈమె ఒక్కతే మేస్త్రీ అనేది. అదెందుకో కూడా నేను ఆలోచించలేదు. నాకు ఆమె అంటే ఇష్టం, ఆ మాట ఇప్పుడు దాచడం దేనికి. మోరిస్ హారను వినపడితే చేతిలో పానా జారేది. కానీ నేను ఎనిమిదో తరగతి ఆపేసినవాణ్ణి, ఆమె టీచరు. నా ఇష్టాన్ని టూల్ బాక్సు అడుగున పడేసి మూత వేశాను. ఆమెకు కూడా ఇష్టం ఉండవచ్చని నా బుర్రకి తట్టనే లేదు.

1979 సెప్టెంబరులో మా చర్చి పాటల బృందానికి కొలంబో నుంచి పిలుపు వచ్చింది. హార్మోనియం జ్ఞానప్రకాశం సారు, డోలక్కు నేను. సిలోనులో పాత ఇంగ్లీషు కార్లు ఇంకా తిరుగుతున్నాయనీ, వాటి సామాన్లకి ఒక వీధికి వీధే ఉందనీ సారు చెప్పడంతో నంద్యాలంతా పాకిపోయింది. ఎవరికీ పార్టు నంబర్లు తెలియవు. బట్టల షాపుకి ఆది జాకెట్టు తెచ్చినట్టు, అందరూ ఆదులు తెచ్చిచ్చారు. పేపరు మీద గీసిన గాస్కెట్టు, రేకు ముక్క, కొలిచి తెంపిన దారాలు.

లూదియా కూడా ఒక కవరు తెచ్చింది. అందులో మూడు దారాలు. నల్ల దారానికి 'ఫ్యాను బెల్టు' అని చీటీ. తెల్ల దారానికి 'హోసు పైపు' అని చీటీ. మూడోది చిన్న ఎర్ర దారం ముక్క, రెండు కొసలూ కలిపి ముడివేసి ఉంది. దానికి చీటీ లేదు.

"వాటర్ పంపుకి ఆది అవసరం లేదు, మోరిస్ మైనర్ అంటే చాలు. ఈ ఎర్రది దేనిది?"

"నువ్వే కనుక్కో."

"ఇంజనుదా, బాడీదా?"

"బాడీదే" అని నవ్వు ఆపుకుంది. వెంటనే ఆ నవ్వు పోయింది. "మేస్త్రీ, నువ్వు ఎన్నాళ్ళకొస్తావు?"

"దసరా లోపల వచ్చేస్తా."

"దసరా సెలవుల్లో కర్నూలు నుంచి నన్ను చూసేకి వస్తాండారు. పిల్లోడు స్కూలు టీచరంట. మా అత్త తెచ్చిన సంబంధం."

టూల్ బాక్సు మూత లోపలి నుంచి కొట్టుకుంది. అయినా నోరు మాత్రం మెకానిక్కు నోరే. "దిగులుపడొద్దు. వాళ్ళొచ్చేలోగా కారు రెడీ చేసి పెడతా."

ఆమె కవరు నా చేతిలో పెట్టింది. "ఎర్ర దారం మాత్రం పారేసుకోవద్దు" అని చెప్పి వెళ్ళిపోయింది.

రామేశ్వరం దాకా రైలు, అక్కడి నుంచి తలైమన్నారుకి స్టీమరు, మళ్ళీ రైలు. సభల్లో రెండు రోజులు డోలక్కు వాయించి, మూడో రోజు పొద్దున సారు చెప్పిన ఆ సామాన్ల వీధికి, పంచికావత్తకి పోయాను.

అంత ఆనందం నాకు మళ్ళీ పెళ్ళిలోనే కలిగింది. వీధికి రెండు వైపులా బంపర్లు, లైట్లు, స్టీరింగులు తోరణాల్లాగా వేలాడుతున్నాయి. మోరిస్ వాటర్ పంపులు కొత్తవి, గ్రీజు కాగితంలో చుట్టినవి, ఒక షాపులో అర నిండా పేర్చి ఉన్నాయి. ఏడాదిగా అతుకులు వేసినవాణ్ణి, ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

షాపు ముసలాయనది తమిళం. లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న తమిళంతో నెట్టుకొచ్చాను. నల్ల దారంతో బెల్టు, తెల్ల దారంతో హోసు తీసిచ్చాడు. ఎర్ర దారం ఇచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"ఇదేంటి తమ్ముడూ?"

"తెలియదు. బాడీదంట."

వాషర్లు పెట్టి చూశాడు. ఆయిల్ సీళ్ళు పెట్టి చూశాడు. బయట వాన మొదలైంది, కొనేవాళ్ళు లేరు, మేమిద్దరం డబ్బాల మీద డబ్బాలు దించాం. చివరికి ఒక నల్ల రబ్బరు రింగు ఆ దారం చుట్టుకి సరిగ్గా సరిపోయింది.

"రెండివ్వండి. రబ్బరు కదా, అరుగుతాది. ఒకటి స్పేరు."

ఆయన దారాన్ని మళ్ళీ తీసుకుని తన వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఇది ఎవరిచ్చారు నీకు?"

"కారు ఓనరు కూతురు."

ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చే దాకా నవ్వాడు. రింగులకి మాత్రం దుడ్లు తీసుకోలేదు. "తొందరగా ఊరికి పో తమ్ముడూ" అన్నాడు. వాన వస్తుంటే తొందరగా పొమ్మంటాడేమిటా అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు రామేశ్వరంలో కస్టమ్స్ ఆయన కూడా ఆ రింగులు పట్టుకుని ఇవి దేనికని అడిగాడు. తెలియదన్నాను. నిజం చెప్పినందుకు అరగంట నిలబెట్టాడు.

నంద్యాలలో దిగి, ఇంటికి కూడా పోకుండా ఆళ్లగడ్డ బస్సెక్కాను. లూదియా వాకిట్లోనే ఉంది. పంపు, బెల్టు, హోసు ఒక్కొక్కటే చేతికిచ్చాను.

"ఎర్ర దారం?" అంది మెల్లగా.

గొప్పగా జేబులోంచి పొట్లం తీసి విప్పాను. "వీధంతా వెతికించినా. సరిగ్గా అదే కొలత. రెండు తెచ్చినా లూదియమ్మా, ఒకటి స్పేరు."

ఆమె ఆ రబ్బరు రింగులను చూసింది. నన్ను చూసింది. ఒక రింగు తీసుకుని పిడికిట్లో పెట్టుకుంది. "పంపు బిగించు మేస్త్రీ. రేపు కర్నూలోళ్ళు వస్తాండారు" అంది. గొంతు బాగాలేదు. జలుబేమో అనుకున్నాను.

బానెట్టు ఎత్తి పనిలో పడ్డాను. వసారాలో సంజీవయ్య గారు పేపరు చదువుతున్నారు. లోపలి నుంచి లూదియా వాళ్ళమ్మ రూతమ్మ కుట్టుపని డబ్బా తెచ్చి, వసారా మెట్ల మీదున్న కూతురి పక్కన కూర్చుంది.

"కర్నూలోళ్ళు రేపే ప్రధానపు ఉంగరానికి ఆది కూడా తీసుకుపోతారంట. చెయ్యి ఇటియ్యి" అంది రూతమ్మ.

మా సంఘంలో పిల్ల వేలికి దారం చుట్టి, ఆ ఆది పిల్లోడి ఇంటికి పంపడం మామూలే. మా అక్కది కూడా అట్లానే పంపాం. నేను తల ఎత్తి ఊరికే అటు చూశాను. రూతమ్మ డబ్బాలోంచి ఉండ తీసింది. ఎర్ర దారం ఉండ.

నా చేతిలోని పానా పంపు మీద పడి, దాని మీద నుంచి నా కాలి మీద పడింది. కాలు నొప్పి కూడా తెలియలేదు. ఐదుసార్లు ఊడిన కాయిల్ వైరు, మేస్త్రీ అన్న పిలుపు, ముసలాయన నవ్వు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఉంగరం ఆది ఇస్తే నేను రబ్బరు తెచ్చాను. పైగా స్పేరు.

లూదియా చెయ్యి ముందుకు చాపలేదు. "ఆది ఒకసారే ఇస్తారమ్మా. నేనిచ్చేసినా" అంది.

సంజీవయ్య గారు పేపరు దించారు. "ఎవురికి?"

ఆమె జవాబు చెప్పలేదు. అడిగితే చెప్పకుండా ఉండే మనిషి కాదు. నేను నోరు తెరుస్తానేమోనని తల వంచుకుని కూర్చుంది. ఇప్పుడు కూడా నేను బానెట్టు వెనకే ఉండిపోతే, రేపు కర్నూలు వాళ్ళు వస్తారు. అంతే, ఇంకేమీ మిగలదు.

చేతులు గుడ్డకు తుడుచుకుని వసారా ముందుకొచ్చాను. జేబులోంచి ఎర్ర దారం తీశాను. సిలోనుకు పోయి వచ్చినా ముడి ఊడలేదు.

"ఆది నా కాడ ఉంది సార్. దేనిదో తెలీక కొలంబో అంతా తిప్పినా. నాకు లూదియమ్మ అంటే ఏడాదిగా ఇష్టం. చెప్పే మొగం లేక చెప్పలేదు. నా కాడ గవర్మెంటు ఉద్యోగం లేదు, పని ఉంది."

రూతమ్మ ముక్కు మీద వేలేసుకుంది. సంజీవయ్య గారు కూతుర్ని చూసి, "నిజమేనా?" అన్నారు.

లూదియా పిడికిలి విప్పింది. రబ్బరు రింగు అప్పటికే ఉంగరపు వేలికి ఉంది. నేను బానెట్టు వెనక ఉండగా పెట్టుకున్నట్టుంది.

"వదులు లేదు, బిగువు లేదు నాయనా" అంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తరువాత లేచి కారు దగ్గరికి పోయి బానెట్టులోకి వంగి చూశారు.

"పంపు బిగించడం అయిందా?"

"నాలుగు బోల్టులు ఉండాయి సార్."

"బిగించు. మనిద్దరం నంద్యాలకు పోతాం. ఈ సంబంధం తెచ్చింది మా అక్క, ఆమెకు నేనే చెప్పాల. దోవలో యాడన్నా ఆగిందంటే మాత్రం నేను కర్నూలోళ్ళ పక్కే."

ఆ నాలుగు బోల్టులు బిగించినంత జాగ్రత్తగా నా జన్మలో ఏదీ బిగించలేదు. ఆయనే తోలారు. శిరివెళ్ళ దాటేటప్పుడు నేను ఊపిరి తీసుకోలేదు. ఆయన ఇంజను మోత వింటూ, "నీ చెయ్యి మంచిదిలే. బుర్ర సంగతి మా పాప చూసుకుంటాది" అన్నారు. కారు నంద్యాలలో వాళ్ళక్క ఇంటి ముందే ఆగింది, అదీ ఆయన బ్రేకు వేస్తేనే.

ఆ ఎర్ర దారాన్నే కంసాలికి ఇచ్చి బంగారు ఉంగరం చేయించాను. క్రిస్మస్‌కు ముందు ప్రధానం, ఫిబ్రవరిలో పెళ్ళి. ఇది జరిగి తొమ్మిదేళ్ళు. మోరిస్ ఇప్పటికీ కాన్పులకు పోతూనే ఉంది, ఎక్కువసార్లు లూదియానే తోలుతుంది. రెండో రబ్బరు రింగు డ్యాష్‌బోర్డు అరలో పడి ఉంది. స్పేరు తెచ్చింది నువ్వే కదా, ఎప్పుడు వాడతావని ఆమె అప్పుడప్పుడు అడుగుతుంది. ఇంతవరకు అవసరం పడలేదు.