మెటడోర్‌లో చీకటి గది

నా మొగుడు గాడ్విన్‌కు ఒక పిచ్చి పట్టిందంటే అది దిగేదాకా ఇల్లంతా దానిదే రాజ్యం. ఆ డిసెంబరులో పట్టింది పాత మెటడోర్ వ్యాను పిచ్చి. రోజూ రైల్లో బెంగళూరు పోయి షెడ్డులో కార్లు బాగుచేసే మనిషి, ఆదివారాలు కూడా గ్రీజు చేతులతోనే గడిపాడు. వెనక సీట్లు పీకేసి పడుకోవడానికి రెండు బల్లలు బిగించాడు. గ్యాసు స్టవ్వు, నీళ్ల క్యాను పెట్టాడు. కోలారు బంగారు గనుల పక్క కోరమండల్‌లో మా వరస ఇళ్ల వాళ్లందరికీ ఆ వ్యానే వేడుకైంది.

"గ్రహణం పూట జనం తలుపులేసుకొని గమ్మున ఇంట్లో ఉంటారు. మీరేందమ్మా ఎదురుబోతా ఉండారు?" అని పాలు పోసే మునివెంకటమ్మ అడిగింది.

"సూర్యుడు మా ఆయనకు చుట్టం. పిలిస్తే పోకపోతే ఎట్ల?" అన్నాను.

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఏంజెలిన్‌కు పదకొండేళ్లు. దాని చూపు పక్కల నుంచి మూసుకుపోతోంది. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. కోలారులో చూపించాం, బెంగళూరులో చూపించాం. "ఏమేం చూపించాలనుకుంటున్నారో ఇప్పుడే చూపించండి" అన్నాడు డాక్టరు. ఆ రోజు బస్టాండులో సిగ్గు విడిచి ఏడ్చాను. ఏం చూడాలనుందే అని అడిగితే సముద్రం అంటుందనుకున్నాను. క్రిస్మస్ మరునాడు గ్రహణంలో కరూరు వైపు సూర్యుడు ఉంగరంలా కనిపిస్తాడని టీచరు చెప్పిందట. అది చూడాలంది. ఇంగ వాళ్ల నాన్న ఆగుతాడా?

దాని కళ్లతో సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. అందుకని గాడ్విన్ వ్యాను కిటికీలన్నిటికీ నల్ల రెక్సిన్ కొట్టి, ఒకచోట చిన్న రంధ్రం పెట్టాడు. ఎదురుగా తెల్లదుప్పటి కట్టాడు. లోపల చీకటైతే చాలు, సూర్యుడి రూపం రంధ్రంలోంచి వచ్చి దుప్పటి మీద పడుతుంది. క్రిస్మస్‌కు ముందు ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక పరీక్ష చూద్దామన్నాడు. పాత గని నోటి వెనక బయలుకు పోయాం. అక్కడ ఎండకు చెట్టూ గోడా అడ్డం రావు. గని నోరు కాంక్రీటుతో మూసి చాలా ఏళ్లయింది. దాని మీద మేకలు పడుకొని ఉన్నాయి.

మధ్యాహ్నం. నేనూ ఏంజెలిన్ లోపల కూర్చున్నాం. గాడ్విన్ బయటి నుంచి తలుపు మూశాడు. కొత్త రెక్సిన్ వాసన, పాత డీజిల్ వాసన. ఉక్క. కాసేపటికి దుప్పటి మీద రూపాయి బిళ్ళంత వెలుగు గుండ్రంగా నిలబడింది.

"అమ్మా, కనబడతా ఉండాది!" అంది నా బిడ్డ. నా ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు కింద చప్పుడైంది. టక్... టక్... టక్. సరిగ్గా మా కాళ్ల కింద, వ్యాను రేకు మీద.

"ఏందప్పా నీ ఆటలు?" అని అరిచాను.

"నేను ఇంజను దగ్గర ఉండాను. ఏమాయె?" అని ముందు నుంచి పలికాడు గాడ్విన్.

మళ్లీ. టక్... టక్... టక్.

"తాత ఆట!" అని ఏంజెలిన్ నవ్వింది. నేను పట్టుకునేలోపు మడమతో నేలను తిరిగి కొట్టింది.

దాని కాలు గట్టిగా అదిమి పట్టుకున్నాను. గనిలో బండలు పేలి దారి మూసుకుపోతే, లోపల చిక్కుకున్నవాళ్లు తలకు కట్టుకున్న లైటు వెలుగులో రాయితో గోడను కొట్టేవాళ్లు. పైనుంచి తిరిగి కొడితే, విన్నాం, వస్తున్నాం అని అర్థం. గనిలో పనిచేసిన మా మామ సుందర్‌రాజ్ పోయేముందు మనవరాలికి అది ఆటగా నేర్పాడు. ఆయన మంచం కోడు కొడితే అది నేల కొట్టేది. కానీ గని ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిన ఇంకో మాట ఉంది. తిరిగి కొట్టినవాళ్లు మాట ఇచ్చినట్టే. కిందివాళ్లను బయటికి తీసేదాకా ఇంటికి పోకూడదు.

కింద ఒక క్షణం ఏ చప్పుడూ లేదు.

తర్వాత అన్నివైపులా మొదలైంది. చక్రాల కింద... బల్లల కింద... నా మోకాళ్ల కింద. తడిరాతి వాసన, మందుగుండు కాలిన వాసన లోపలికి వచ్చాయి. దుప్పటి మీద సూర్యుడి మధ్యలో నల్లటి చుక్క పుట్టింది. పెరిగింది.

"అమ్మా! ఉంగరం వచ్చింది! ఎంత బాగుండాదో!"

"రంధ్రానికి అడ్డంగా ఎవరు నిలబడినారు?" అని అరిచాను.

"ఎవరూ లేరు ఆగ్నెస్! ఎండ నిండుగా ఉండాది!"

ఉంగరం సన్నబడింది. ఆరిపోయింది. నా చెయ్యి నాకు కనబడలేదు. తలుపు తోశాను, రాలేదు. బయట గాడ్విన్ గుంజుతున్నాడు, తంతున్నాడు... తలుపు కదల్లేదు. నేను రేకు మీద బోర్లా పడ్డాను.

"అయ్యా... అది పసిబిడ్డ. తెలీక కొట్టింది. మీ పేరున పూజ పెట్టిస్తాం. కావాలంటే నన్ను తీసుకోండి... దాన్ని ఇడిచిపెట్టండయ్యా..."

చప్పుళ్లు ఒక్కసారిగా ఆగాయి. తలుపు ఊడి గాడ్విన్ చేతిలోకి వచ్చింది. తెల్లటి ఎండ లోపలికి విరుచుకుపడింది.

ఏంజెలిన్ ఎండకు ఎదురుగా, కళ్లు విప్పార్చుకొని కూర్చుంది. రెప్ప కూడా వేయలేదు.

"అమ్మా, తలుపు ఇంగా తెరవలేదా?" అని అడిగింది.

గాడ్విన్ దాన్ని ఎత్తుకొని బయటికి పరుగెత్తాడు. పిచ్చివాడిలా దాని ముఖం ముందు చెయ్యి ఆడించాడు. అది చూడలేదు. నేను నేల మీద కూలబడి తల బాదుకున్నాను. ఒక్కరోజు, ఆ గ్రహణం ఉదయం ఒక్కటి, నా బిడ్డకు ఉంచలేకపోయావా దేవుడా అని ఏడ్చాను.

అప్పుడు ఏంజెలిన్ వాళ్ల నాన్న భుజం మీదుగా తల తిప్పింది. అక్కడ ఉన్నది ఖాళీ బయలు. మేకలు కూడా లేవు. అది కళ్లు చికిలించి, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా..." అని మెల్లగా అంది. "అప్పా వెనకాల నిలబడిండే ఆయన్ను తలకాయ మీది లైటు ఆర్పమని చెప్పు. కండ్లకు కొడతా ఉండాది."