అమ్ముడుపోయిన మనిషి మాట

“గుండు పప్పా, బద్దా?”

“పొట్టు తీయనిది.”

పలాస రైల్వే స్టేషన్ బయట జీడిపప్పు అమ్ముతున్న మనిషి తలెత్తాడు. ఆ పెట్టుడు మీసం వెనుక ఉన్నది ఇంటెలిజెన్స్ చీఫ్ వైకుంఠరావు. పొట్లం అందుకున్నది ఏజెంట్ ఉమ.

“మందస తీరంలో ఇవాళ ‘కడలికన్ను’ ప్రారంభం. గాలిని, సముద్రాన్ని చదివి ఆ ఏఐ మెషీన్ సైరన్ మోగిస్తే ఊరి పడవలన్నీ వేటకు వెళతాయి. ఒక విదేశీ ముఠా అక్కడ దిగింది. మెషీన్‌కు ప్రచారం చేసే ప్రమోదిని డబుల్ ఏజెంట్. మన జీతంతో పాటు ముఠా జీతం కూడా తింటోంది. ఇంకా ఎవరెవరు అమ్ముడుపోయారో తేల్చు.”

“మరి మెషీన్ సంగతి, సార్?”

“చేసింది త్రినాథ్. ఆ ఊరి కుర్రాడే. నిజాయితీపరుడు. అనుమానం అక్కర్లేదు.”

ఉమ చేపల గంపతో తీరానికి చేరేసరికి సభ రచ్చరచ్చగా ఉంది. గంపలో ఎండుచేపల కింద పిస్టల్, చెవికమ్మలో బుల్లి వైర్‌లెస్.

“ఈ మెషీన్ వద్దు! గాలిని తప్పు చదువుతోంది!” నల్లకళ్లద్దాల ప్రమోదిని మైకులో అంటోంది.

“ఏటమ్మా, నిన్నటిదాకా దీన్నే పొగిడినావు!” ఊరి పెద్ద పోలయ్య లేచాడు. “ఇప్పుడు ఎవులిచ్చినారేటి?”

“నువ్వేటి తక్కువా మావా?” జనంలోంచి బొడ్డమ్మ అరిచింది. “సబ్సిడీ వలల కోసం కాదేటి దీనికి జై కొడతన్నావు?”

“నీ కొడుకు డీజిల్ అమ్ముతాడు. మెషీనొత్తే పడవలు ఊరికే తిరగవు, బేరం పడిపోద్దని నీ ఏడుపు!” పోలయ్య తిప్పికొట్టాడు.

త్రినాథ్ ముఖం ఎర్రబడింది. “నాను ఈ ఊరోడిని. ఎవుల దగ్గరా ఏటీ తీసుకోనేదు. నామీద నమ్మకం నేదా?”

చప్పట్లు మోగాయి. మెషీన్ గురించి మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు.

ఉమకు విషయం తట్టింది. ముఠాకు కావలసింది ఇదే. మనుషుల్ని తవ్వుకుంటూ కూర్చుంటే మెషీన్ జోలికి ఎవరూ పోరు. చీఫ్ తనకు అప్పగించిందీ ఆ తవ్వకమే.

సైరన్ కోసం నీళ్లలో కాచుకున్న పడవల ఇంజన్లు మొదలయ్యాయి. ఉమ వేదిక పక్కకు జరిగి, గంప చాటు నుంచి పిస్టల్ ప్రమోదిని నడుముకు ఆనించింది.

“నువ్వు ముఠా మనిషివి. నీ మాట నిజమని ఏమిటి నమ్మకం?”

“నన్ను నమ్మకు. నిన్నటి గాలి లెక్కలు దానికి పెట్టి చూడు.”

ఉమ వేదిక ఎక్కింది. “పోలయ్య మావా, నిన్న సముద్రం ఎలగుంది?”

“ఏటి సెప్పమంతావే? గాలికి పడవ తిరగబడి, పేనాలతో వొడ్డున పడ్డాం.”

“త్రినాథ్ బాబూ, నిన్నటి లెక్కలే మెషీనుకియ్యి. ఏటంతాదో సూద్దాం.”

“నన్ను అనుమానిత్తన్నావా?”

“నిన్ను కాదు బాబూ. దాన్ని.”

త్రినాథ్ విసురుగా కీలు నొక్కాడు. స్క్రీన్ పచ్చగా వెలిగింది: ‘సముద్రం ప్రశాంతం. వేటకు వెళ్లవచ్చు.’

అతను మళ్లీ మళ్లీ కీలు నొక్కాడు. “ఎవులో లోపల మార్చీసినారు! ఆగట్లేదు... సైరన్ మోగిపోతాది!”

సైరన్ గొంతు సవరించుకుంది. ఉమ గంపలోని చేపల కత్తితో కేబుల్ నరికేసింది. కీచుమని ఆగిపోయింది.

పోలయ్య కేకలు వేస్తూ పడవల్ని వెనక్కి లాగించాడు. ఆఖరి పడవ ఇసుకెక్కేసరికి తూర్పున నల్లటి గాలివాన లేచింది.

ఉమ ప్రమోదిని చేతులకు బేడీలు వేసింది. చెవికమ్మలో చీఫ్ గొంతు పలికింది: “ముఠా జీతం తింటూ మనకెందుకు నిజం చెప్పింది? దేశభక్తా?”

“కాదు సార్. ముఖ్య అతిథి అని ఊరివాళ్లు మొదటి పడవలో ఆవిడనే కూర్చోబెడతామన్నారు.”