చెయ్యి పట్టుకోవచ్చా?

"నీ సెయ్యి ఒక్క నిమిషం పట్టుకోవచ్చా?"

ఉదయ్ మలేషియా రేవు పట్టణం పోర్ట్ క్లాంగ్‌లోని షిప్పింగ్ ఆఫీసులో చేరి వారం కూడా కాకముందే, పక్క సీట్లోని తనూష, అక్కడే పుట్టిపెరిగిన తెలుగమ్మాయి, అతన్ని అడిగిన మాట అది. ఖమ్మంలో అమ్మాయిలు అతన్ని పెన్ను అడిగారు, నోట్సు అడిగారు. చెయ్యి ఎవరూ అడగలేదు.

"ఎందుకండీ?"

"అలిసిపోయినాను. కొంచెం బలం కావాల."

అయోమయంగా చెయ్యి చాపాడు. ఆమె కళ్ళు మూసుకుని పట్టుకుంది. కాసేపటికి ముఖం తేటపడింది. "థాంక్స్ లా!" అంది, ఆ దేశంలో అందరూ మాట చివర తగిలించే 'లా'తో. మళ్ళీ కంటెయినర్ల బిల్లుల్లో పడిపోయింది. ఉదయ్ మాత్రం ఆ మధ్యాహ్నమంతా ఒక్క లైను కోడ్ కూడా రాయలేకపోయాడు.

ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు అడిగేది. అడగకుండా ఏనాడూ ముట్టుకోలేదు. ఉదయ్ కొత్త చొక్కాలు కొనడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డారు. వాన జల్లు ప్లాట్‌ఫామ్ మీదికి కొడుతోంది. ఆమె నుదుటి మీద ఒక చినుకు జారాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"తనూషా, నువ్వంటే నాకిష్టం."

ఆమె నవ్వలేదు. "ముందు ఒకటి సెప్పాల. నేను వాంపైర్‌ని."

ఉదయ్ పగలబడి నవ్వాడు. "మరి కోరలేవీ?"

"కోరల్లేవు. రక్తం ముట్టను. స్కూల్లో ఉన్నప్పటినించీ ఒంట్లో బలం ఊరికే కారిపోతాది. మనుసుల దగ్గర కొంచెం తీసుకుంటే నిలబడతాను. నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారు. మాకు మేం పెట్టుకున్న పేరు అది."

"డాక్టర్‌కి చూపించావా?"

"సూపించినాను. అన్నీ బాగున్నాయన్నారు. ఈ మాట మటుకు సెప్పలేదు. సెప్తే పిచ్చిదాన్ని అనుకుంటారు. నువ్వూ ఎవరికీ సెప్పకు."

రైలొచ్చింది. ఆమె ఎక్కి వెళ్ళిపోయింది.

ఉదయ్‌కి బుర్ర తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె పట్టుకున్నది తన చేతినా, తనలోని బలాన్నా? అది ప్రేమా, ఆకలా? ఉండబట్టలేక మర్నాడు కాఫీ దగ్గర లోగన్‌కి సంగతంతా చెప్పి సలహా అడిగాడు. లోగన్ ఆ ఆఫీసులో పాతవాడు, అందరికీ దోస్తు. అదే కొంప ముంచింది.

మధ్యాహ్నానికల్లా తనూష కీబోర్డు మీద ఒక పెద్ద ఇనప మేకు ఉంది. మెడ వెనక మేకు దిగ్గొడితే పొంతియానక్ అనే ఆడదెయ్యం అణిగిపోతుందని ఈ దేశంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"పొంతియానక్!" ఎవరో అన్నారు. నవ్వులు.

తనూష మేకు వంక చూసింది. తర్వాత ఉదయ్ వంక చూసింది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

"జోక్ లా," అన్నాడు లోగన్.

ఉదయ్ మేకు తీసి అతని ముందు పెట్టాడు. "చెయ్యి పట్టుకోవడానికి కూడా ఆ అమ్మాయి అడుగుతుంది. ఇది పెట్టేముందు నువ్వు అడిగావా?"

లోగన్ తల దించుకున్నాడు. తనూష మాత్రం తర్వాత ఆఫీసుకి రాలేదు, ఫోనెత్తలేదు.

ఆదివారం ఉదయ్ బస్సులు మారి, ఆమె సొంతూరు హుటాన్ మెలింటాంగ్‌లో వాళ్ళింటికి వెళ్ళాడు. తనూష నాయనమ్మ దాలమ్మ గుమ్మంలో రొయ్యలు వొలుస్తోంది.

"ఏటి బాబూ, నోరు జారినోడివి నువ్వేనా?"

"నేనే, నాయనమ్మా."

"దాని సంగతి నాకూ తెలీదు. సిన్నప్పటినించీ పక్కన కూకొని నా సెయ్యి పట్టుకుంటాది. పట్టుకోనీ. నాకేటి అరిగిపోయినాదా?"

తనూష బయటికొచ్చింది.

"తప్పు చేశాను," అన్నాడు ఉదయ్. "నవ్వాను, పైగా బయటపెట్టాను. నువ్వు చెప్పింది ఇంకా అర్థం కాలేదు. ఒక్కటి చెప్పు. నీకు కావలసింది నేనా, నా బలమా?"

ఆమె నాయనమ్మ వైపు చూసింది. "నాయనమ్మ వండింది ఆకలేసే తింటాను. అంటే నాయనమ్మ మీద ప్రేమ లేనట్టా?"

ఉదయ్ దాలమ్మ చేతిలోని రొయ్యల వంక చూశాడు.

"ఇప్పుడైనా అర్థమైనాదా?"

"సగం."

"నాకూ అంతే లా." ఆమె పెదవి చివర నవ్వు మొదలైంది.

దాలమ్మ రొయ్యల గిన్నె పట్టుకుని లేచింది. "మీ తాత పోయేదాకా ఆ మనిసి నాకు అర్థమవనేదు. అయినా కాపురం సేసినాను. రండి, అన్నం సల్లారిపోతాది."

గుమ్మంలో నిలబడ్డ తనూష పక్కకి జరిగి ఉదయ్‌కి దారిచ్చింది.