కట్ట కింద క్వార్టర్ సీసా

కట్ట కాపలాదారు రాళ్ల వాలు కింద బోర్లా పడి ఉన్నాడు. తల పగిలింది. చొక్కా జేబులో క్వార్టర్ సీసా.

టైమ్ ఉదయం ఏడున్నర.

వరదను ఆపడానికి ఎర్రమట్టితో వేసిన చిన్న కట్ట అది. పోయిన వారం వానకు సగం నిండింది. దాని కింద వాగు ఒడ్డున ఇళ్లు. పైన మళ్లీ మబ్బు కమ్ముతోంది.

"తాగి పైనుంచి దొర్లాడు మేడమ్. కేసు క్లోజ్," అన్నాడు కానిస్టేబుల్. ఏ కేసైనా టిఫిన్ వేళకు తేలిపోవాలి అతనికి.

ఇన్‌స్పెక్టర్ సీసాను కవర్లో వేయించి, ఊరంతా ఒక చుట్టు తిరిగింది. ఇటుక బట్టీ దగ్గర కాసేపు ఆగింది.

మధ్యాహ్నం కాపలా గదిలో ముగ్గురిని కూర్చోబెట్టింది. చనిపోయినవాడి భార్య గుమ్మంలో నిలబడింది.

"మీకూ అతనికీ గొడవట?" కట్టకు పైన పొలం ఉన్న రైతును అడిగింది.

"నిజమే. కట్ట గేటు దించి, నీళ్లు నిలిపి నా పైరు ముంచాడు. అంతమాత్రాన చంపుతానా?"

"మీరు?"

కట్ట చూసుకునే ఇంజనీర్ నుదురు తుడుచుకున్నాడు. "రెండ్రోజులుగా ఫోన్ చేస్తున్నాడు. ఎత్తలేదు. తీరిక లేక..."

మూడోవాడు బట్టీ యజమాని, గుమ్మంలో నిలబడ్డ భార్యకు స్వయానా అన్న. "మా బావ బంగారం మేడమ్. ఆ మందే కొంప ముంచింది."

"ఆయన చుక్క ముట్టడు అన్నయ్యా! నీకు తెలీదూ?"

"పిచ్చిదానా, మొగుళ్లు అన్నీ పెళ్లాలకు చెప్పే చేస్తారా?"

ఇన్‌స్పెక్టర్ సీసా మూత తీసి వాసన చూసింది. మందు కాదు. నీళ్లు.

"కట్ట కింద ఊట నీళ్లండీ," అంది భార్య. "ఎవరో పారేసిన సీసా కడిగి, ఆయన రోజూ తెల్లారగానే పట్టి చూస్తారు. తేటగా ఉంటే కట్టకు భయం లేనట్టే."

ఇంజనీర్ ఊపిరి పీల్చుకున్నాడు. "తేటగానే ఉన్నాయిగా!"

"సీసా పొద్దుటినుంచి కదలకుండా ఉందిగా, నీళ్లు తేరుకున్నాయి." ఇన్‌స్పెక్టర్ సీసా ఊపింది.

అడుగునుంచి నల్లటి మడ్డి లేచింది.

ఇంజనీర్ ముందుకు వంగి చూశాడు. "కట్ట నడుమ పోసిన బంకమట్టి ఇది! బయటినుంచి తెప్పించాం. ఇది కొట్టుకొస్తోందంటే కట్ట లోపల గుల్లవుతోంది. వాన పడితే ఆగదు!"

"ముందు ఇళ్లు ఖాళీ చేయించు. పరుగెత్తు!" అంది ఇన్‌స్పెక్టర్. కానిస్టేబుల్ టిఫిన్ సంగతి మరిచి పరుగెత్తాడు. ఇంజనీర్ గేటు పూర్తిగా ఎత్తించడానికి వెళ్లాడు.

ఇన్‌స్పెక్టర్ బట్టీ యజమాని వైపు తిరిగింది.

"మీ పచ్చి ఇటుకలు నల్లగా ఉన్నాయి. ఇక్కడంతా ఎర్ర నేలే. మట్టి ఎక్కడిది?"

"కొన్నాను."

"ఎవరి దగ్గర?"

అతను గుమ్మం వైపు చూశాడు.

"కట్ట చివర ముళ్లకంప వెనక గొయ్యి కనబడింది. కట్ట నడుమ దాకా తవ్వారు. సరే, ఇది చెప్పండి. పైనుంచి రాళ్ల మీద దొర్లి తల పగిలిన మనిషి జేబులో గాజు సీసాకు బీట కూడా పడలేదేం?"

అతను లేవబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"పడ్డాక ఎవరో దోపారు కాబట్టి. అతని పక్కన ఉన్న సీసాలో మురికి నీళ్లు చూసి మందనుకున్నారు, తాగి పడ్డాడనిపించడానికి అది చాలనుకున్నారు. పారేసి ఉంటే నాకు ఆధారమే ఉండేది కాదు."

బయట తొలి చినుకులు రేకు మీద టపటపలాడాయి.

"గొయ్యి పూడ్చేస్తానని కాళ్లావేళ్లా పడ్డాను," గొణిగాడతను. "రిపోర్ట్ చేస్తానన్నాడు. రాయి తీసుకుని... ఒక్కటే దెబ్బ."

ట్రాక్టర్ వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఎక్కమని కేకేశారు. చెల్లెలు కదల్లేదు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

"నా ఇల్లు ఆ కట్ట కిందే కదా అన్నయ్యా? తవ్వేటప్పుడు ఒక్కసారైనా గుర్తుకురాలేదా?"

అతను తల దించుకునే రెండు చేతులూ బేడీలకు చాచాడు. ఇన్‌స్పెక్టర్ ఆమె భుజం పట్టుకుని ట్రాక్టర్ ఎక్కించింది.