స్టూడెంట్ డిస్కౌంట్ పదకొండింటి వరకే

"మన విద్యుత్ కంట్రోల్ రూమ్ డ్రాయింగులు ఇవాళ పదకొండింటికి దేశం దాటతాయి. ఆపాలి," అన్నాడు చీఫ్ బసవపున్నయ్య.

ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు మీది గది అది. టైము తొమ్మిదిన్నర. ఎదురుగా ఏజెంట్ సోహైల్.

"ఎలా దాటతాయి సార్?"

"కలం ప్లస్. వర్డ్ ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్. బయట ఆరు వేలు. కాలేజీ ఐడీ ఉంటే మూడొందలే. పిల్లలు ఎగబడి కొన్నారు. అందులో ఏ ఫైలు ఉన్నా విదేశీ ముఠా చేతిలో ఉన్నట్టే. ఇంజనీరింగ్ ఫైనలియర్ అమ్మాయి, పేరు అఫ్సా. కంట్రోల్ రూమ్‌లో ట్రైనింగ్ చేసింది. అక్కడి డ్రాయింగులు తెలియక ప్రాజెక్ట్ రిపోర్టులో పెట్టేసింది. పదకొండింటికి అప్‌డేట్ పేరుతో ఆ ఫైలు వాళ్ల సర్వర్‌కి పోతుంది."

"కబురు ఇచ్చిందెవరు?"

"ఛాయాదేవి. ముఠాలో మన మనిషి. కాలేజీల్లో ఆ డిస్కౌంట్ అమ్మకాలు చూసేది ఆమే. ఫైలు ఆ పిల్ల లాప్‌టాప్‌లో ఉందిట."

"అమ్మాయి సంగతేంటి సార్?"

"డ్రాయింగు బయటికి పోతే కేసు ఆమె మీదే. కవరు పేజీ మీద పేరు ఆమెది."

మూడేళ్ల క్రితం మచిలీపట్నంలో ఇలాగే ఒక అమాయకుడి పేరు కేసు ఫైల్లోకి ఎక్కింది. ఇవాళ్టికీ దిగలేదు. దాన్ని ఎక్కించింది సోహైలే.

జెరాక్స్ మెకానిక్ యూనిఫాం వేసుకున్నాడు. చేతిలో టిఫిన్ క్యారేజీ. కింది గిన్నెలో సిగ్నల్ జామర్. బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటి కాలేజీ చేరేసరికి పదీ నలభై అయింది. అఫ్సా క్యాంటీన్‌లో దొరికింది. అతను గుర్తింపు కార్డు చూపించి, విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది. అయినా ముందు తన నీళ్ల బాటిల్ అతని వైపు జరిపింది.

"తాగండి అంకుల్, చెమటలు కారిపోతున్నాయి మీకు."

అంత గాభరాలోనూ ఎదుటివాడి దాహం చూసిన పిల్ల మీద కేసా?

"నీ లాప్‌టాప్ ఎక్కడమ్మా?"

"అందులో ఏం లేదండీ. రిపోర్టు గేటు ఎదురుగా మాణిక్యం గారి డీటీపీ సెంటర్‌లో ఉంది. మా క్లాసంతా అక్కడే టైప్ చేయిస్తాం. కలం ప్లస్ కూడా నా ఐడీతో ఆయనే వేయించుకున్నారు. నా పాస్‌వర్డ్ గోడకి అంటించారు."

ఛాయాదేవి అబద్ధం చెప్పిందన్నమాట. సోహైల్ పరుగెత్తాడు.

పదీ యాభై ఆరు. రిపోర్టులకి ఆఖరి రోజు కావడంతో సెంటర్ ముందు క్యూ రోడ్డు దాకా ఉంది. మెకానిక్ అనుకుని అందరూ దారిచ్చారు. లోపల మొదటి సిస్టమ్ దగ్గర నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు. ఛాయాదేవి!

"ఏ ఫోర్ పేపర్ ఉందాండీ?" కోడ్ వర్డ్ అడిగాడు సోహైల్.

"లీగల్ సైజే ఉంది" అనాలి. అనలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి, దాని మొన పక్కనున్న మాణిక్యం వైపు తిప్పింది.

"ఒక్కటే బుల్లెట్. కదిలితే పెద్దాయన పోతాడు. చేతులు బల్ల మీద పెట్టు," అంది మెల్లగా.

ప్రింటర్ల రొదలో మాణిక్యానికి ఆ మాటలు వినపడలేదు. సోహైల్ క్యారేజీని బల్ల మీద పెడుతూ మీట నొక్కాడు.

ఆమె నవ్వింది. "జామరా? ఇక్కడ వైఫై లేదు సోహైల్. కేబుల్."

స్క్రీన్ మీద తొంభై ఒక శాతం.

"ఏం మేడమ్, మళ్లీ అప్‌డేటా?" మాణిక్యం విసుక్కున్నాడు. "మీ సాఫ్ట్‌వేర్‌తో చచ్చే చావుగా ఉందండీ. ఒక సిస్టమ్‌లో తెరిస్తే రెండోదాంట్లో మూసుకుపోతోంది. ఐదు సిస్టమ్‌లున్నవాడు ఎట్టా బతకాలి?"

సోహైల్ చేతులు బల్ల మీదే ఉన్నాయి. బల్ల మీద రెండో సిస్టమ్ కీబోర్డు ఉంది. స్క్రీన్ మీద కలం ప్లస్ లాగిన్ అడుగుతోంది. గోడ మీద కాగితం: అఫ్సా 786.

తొంభై ఐదు. వేళ్లు మాత్రమే కదిలాయి. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. ఎంటర్!

మొదటి స్క్రీన్ బూడిదరంగుకి మారింది. 'ఈ లైసెన్సు ఒక విద్యార్థికి, ఒక కంప్యూటర్‌కి మాత్రమే. ఇక్కడ పని నిలిపివేశాం.'

ఛాయాదేవి అదిరిపడి అటు తిరిగింది. క్యారేజీ గాల్లోకి లేచి ఆమె మణికట్టుని తాకింది. బుల్లెట్ పేపర్ కట్టలో దిగబడింది. సోహైల్ కేబుల్ పీకేలోగా ఆమె బయటికి దూకింది.

"ఒరేయ్, డిస్కౌంట్ మేడమ్‌రా!"

"మేడమ్, నాది కూడా లాకైపోయింది!"

"మీ హెల్ప్‌లైన్ ఎవరూ ఎత్తరేంటండీ?"

నలభై మంది చుట్టుముట్టారు. పోలీసులొచ్చేదాకా ఆమె అడుగు కదపలేకపోయింది.

రిపోర్టుని పాత సాఫ్ట్‌వేర్‌లోకి మార్పించి, డ్రాయింగులున్న పదకొండు పేజీలూ సోహైల్ తన చేత్తో తీసేశాడు. వెనకే పరుగెత్తుకొచ్చిన అఫ్సా ఏడుస్తూ నిలబడింది.

"నీ పేరు నేనెక్కడా రాయను, తల్లీ," అన్నాడు.

"అది కాదంకుల్. అరవై పేజీలకి తగ్గితే మా గైడ్ ముట్టుకోరు."

మాణిక్యం కళ్లజోడు సవరించుకుని, అక్షరాల సైజు పన్నెండు నుంచి పద్నాలుగుకి పెంచాడు. దేశరహస్యాలన్నీ పోగా రిపోర్టు అరవై రెండు పేజీలొచ్చింది.