గ్రిమ్‌సైడ్ మడుగు ఈల

పొద్దుగూకాక గ్రిమ్‌సైడ్ మడుగు దగ్గర ఈల వినబడితే అటు వెళ్ళకూడదు. పిలిచేది మనిషే అనిపిస్తుంది... వెళ్ళినవాళ్ళు మాత్రం తిరిగిరారు. థార్న్‌డేల్ లోయలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

ఎప్పుడో పొగమంచులో దారితప్పిన కుర్రాడొకడు ఆ మడుగు పైనున్న బండ అంచు నుంచి జారిపడ్డాడట. కాలు విరిగి, కదల్లేక, తెల్లవార్లూ ఈల ఊదుతూనే పోయాడట. ఆరుసార్లు ఊదడం, కాసేపు ఆగడం, మళ్ళీ ఆరుసార్లు — కొండల మీద ఆపదలో ఉన్నవాళ్ళు ఊదే పద్ధతి అది. ఎవ్వరూ రాలేదట. అందుకే ఇప్పటికీ తోడు కోసం పిలుస్తుంటాడట.

అంతా అబద్ధం. ఆ కుర్రాడూ లేడు, ఆ చావూ లేదు. ఈ కథ కూర్చుని అల్లింది మార్జరీ బర్కెట్.

మార్జరీది తరతరాలుగా గొర్రెలు కాసిన ఇల్లు. అరవై దాటాక కూడా ఎవరూ అడక్కుండానే ఆ కొండల్ని తన పెరడులా చూసుకునేది. పడిపోయిన రాతిగోడలు మళ్ళీ పేర్చేది, కోసుకుపోయిన కాలిబాటకు రాళ్ళు పరిచేది, సందర్శకులు పారేసిన చెత్త గోనెలకెత్తి మోసుకొచ్చేది. వచ్చేవాళ్ళు తక్కువవాళ్ళా! మడుగు ఒడ్డున గుడారాలేసి, చలిమంటకని పచ్చి చెట్లు నరికి, తాగిన సీసాలు అక్కడే పగలగొట్టి పోయేవారు. ఊరివాళ్ళు బోర్డులు పెట్టి చూశారు, బతిమాలి చూశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నిరుడు ఆవిడ ముద్దుగా పెంచుకున్న గొర్రె ప్లాస్టిక్ సంచి మింగి, మూడు రోజులు కొట్టుకుని చచ్చింది. మార్జరీ ఏడవలేదు. మంచిమాట వినని మందకి దెయ్యమే మందు అనుకుంది.

ఊదే పని పక్కింటి ఆంబ్రోస్‌ది. పలకరాయి గనిలో పనిచేసి మానేసిన ముసలాయన. శనివారం సాయంత్రం వెలుతురుండగానే పైకెక్కి, బండల వెనక నక్కి ఈల ఊదేవాడు. మొదట్లో ఎలా పడితే అలా ఊదేవాడు.

"ఆరుసార్లు ఊదు ముసలోడా, నిజంగా ప్రాణం పోయేవాడిలా," అని నేర్పింది మార్జరీయే.

పబ్బు నడిపే నెడ్‌కి అది నచ్చలేదు. అతను కొండల్లో చిక్కుకున్నవాళ్ళని కాపాడే దళంలో ఉన్నాడు. "ఆ ఈలతో ఆటలొద్దు మార్జరీ," అన్నాడు.

"నువ్వు బీరు పొయ్యి నాయనా. దెయ్యాల సంగతి నేను చూసుకుంటా."

మందు పనిచేసింది. ఆ వేసవంతా ఒక్క గుడారం కూడా తెల్లారేదాకా నిలబడలేదు. నరికిన మొద్దులు చిగుళ్ళేశాయి. మార్జరీ కాలు నేల మీద నిలవలేదు.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం, మడుగు ఒడ్డున ఓ జంట గుడారం వేస్తూ కనిపించింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఇమోజెన్, టోబీ అని పేర్లు చెప్పి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు. చెత్త ఒక్క ముక్క కూడా వదలమని మాటిచ్చారు. నిజంగానే వదిలేవాళ్ళు కాదు, మొహాలు చూస్తేనే తెలుస్తుంది. అయినా మార్జరీ జాలిపడలేదు. వాళ్ళ టీ తాగుతూనే దెయ్యం కథ అందుకుంది. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. అబ్బాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. అది చూసి ఆవిడకి ఇంకా హుషారొచ్చి, అప్పటికప్పుడు పుట్టిన సంగతులు కూడా కలిపి వదిలింది.

"అయితే చూసే వెళ్తాం," అంది ఇమోజెన్.

"నీ ఇష్టం పిల్లా," అని దిగొచ్చేసింది మార్జరీ.

సాయంత్రానికి మంచు దిగింది. పబ్బు కిటకిటలాడుతోంది. మడుగు దాని నెత్తి మీదే ఉంటుంది, నిటారుగా గంట ఎక్కుడు. మార్జరీ మొదటి గుటక మింగిందో లేదో —

ఈల.

ఆరుసార్లు... ఆగింది... మళ్ళీ ఆరు.

పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మాటలాపేశారు. ఒకావిడ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఊరివాళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు గ్లాసుల్లోకి చూస్తున్నారు. నెడ్ చెయ్యి గోడకున్న కోటు మీదికి పోయింది.

మార్జరీ లేచి అతని చెవి దగ్గరికి వంగింది.

"కూర్చో. మన ముసలోడే."

"ఖాయమేనా?"

"శనివారం కాదూ?"

నెడ్ కోటు వదిలేశాడు.

ఈల వస్తూనే ఉంది. ఇంత బాగా ఆంబ్రోస్ ఎప్పుడూ ఊదలేదు. మధ్యమధ్య ఏదో అరుపు కూడా... ఆడగొంతులా, సన్నగా.

"గొంతు కూడా మారుస్తున్నాడే!" అని మురిసిపోయింది మార్జరీ.

కాసేపటికి ఆరు కాస్తా ఐదయ్యాయి. తర్వాత మూడు. మధ్యలో నిశ్శబ్దం సాగుతోంది.

"తప్పుతున్నాడేంటి?" అన్నాడు నెడ్ నెమ్మదిగా.

"తప్పడం కాదయ్యా, పనితనం. చచ్చేవాడికి ఊపిరి అందుతుందా?"

ఊరివాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. చివరికి ఒకే ఒక్క ఊదు — పొడుగ్గా, వణుకుతూ... అంతే.

"పాపం చలికి బిగుసుకుపోయి వస్తాడు. వాడికో మాంసం కూరిన రొట్టె, ఓ బీరు నా లెక్కలో తీసి ఉంచు," అంది మార్జరీ.

తలుపు తెరుచుకుంది. ఆంబ్రోస్. మెళ్ళో మఫ్లరు, చేతిలో కర్ర, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు.

"తిట్టకే మార్జరీ. మోకాలు పట్టేసి పొద్దున్నించీ మంచం దిగలేదు. ఇవాళ్టికి మీ దెయ్యానికి సెలవు."

నెడ్ అప్పటికే కోటు లాక్కుని పరిగెడుతున్నాడు.

ఆ కొండ ఎలా ఎక్కిందో మార్జరీకి తెలియదు. బండ కింద, నీళ్ళ అంచున, టార్చి వెలుగులో ఇమోజెన్ కనిపించింది. నీళ్ళు పట్టుకోడానికని వచ్చి, మంచులో అడుగు తప్పింది కాబోలు. తొడ దగ్గర రాయంతా నల్లగా తడిసి ఉంది. సంచీ పట్టీకుండే ఈల ఇంకా పళ్ళ మధ్యనే ఉంది.

నెడ్ ఆమె మెడ మీద వేళ్ళు పెట్టి చాలాసేపు ఉంచాడు. తర్వాత కోటు తీసి కప్పాడు.

"ఇంకా వెచ్చగానే ఉంది," అన్నాడు, మార్జరీ వంక చూడకుండా.

గుడారం దూరంగా ఏం లేదు. కేకేస్తే పలికేంత దగ్గర. లోపల దీపం వెలుగుతోంది. చెప్పాల్సింది తనే కాబట్టి మార్జరీ నడిచింది. ఆ నాలుగడుగుల్లో, ఆ లోపలివాడు కూడా చచ్చిపోయి ఉంటే బాగుండునని అనుకుంది. నిజంగానే అనుకుంది.

"ఎ... ఎవరు?"

"నేనే నాయనా. మార్జరీని."

జిప్పు కదిలింది. టోబీ బయటికి తొంగిచూశాడు. చెవుల్లో గుడ్డలు కుక్కుకుని, పైన ఉన్ని టోపీ లాక్కుని ఉన్నాడు. ఆవిణ్ణి చూడగానే మొహం విప్పారింది.

"ఆగిపోయింది కదండీ? మీరు చెప్పినట్టే చేశాను. దెయ్యం బాగా తెలిసిన గొంతుతో పిలుస్తుందన్నారుగా, అలాగే పిలిచింది... అచ్చం మా ఆవిడ గొంతే. నా పేరు పెట్టి ఏడ్చింది కూడా. అయినా నేను కదల్లేదు."

చెవుల్లో గుడ్డలు తీసుకుంటూ, ఆవిడ భుజం మీదుగా చీకట్లోకి చూశాడు.

"ఇమోజెన్ భయపడి మీ దగ్గరికే వచ్చేసింది కదూ?"